ప్రార్థన పళ్ళెంలోకి వచ్చిన జెల్లీలు

ఎక్సైజు ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు, ఓడలరేవు దగ్గర కాపురముంటున్న రిటైర్డు పోస్టుమాస్టరు దానం వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: కాలేజీ పిల్లలకు మత్తు జెల్లీలు అమ్ముచున్న బడ్డీకొట్టుపై విచారణ కోరుట గురించి.

1. ఇంటర్మీడియట్ చదువుచున్న నా మనవరాలు ఏంజెల్ బ్యాగులో ఆకు బొమ్మ గల జెల్లీ ప్యాకెట్టు దొరికినది. దానిపై 'హెంప్, సహజం, ప్రశాంత నిద్ర' అని ఉన్నది. తయారుచేసిన వారి ఊరు లేదు. పోస్టాఫీసులో పనిచేసినవాణ్ణి, ఊరు పేరు లేనిది దేన్నీ నమ్మను.

2. బడ్డీకొట్టు కామరాజును నిలదీసితిని. "గంజాయి కాదండీ బాబూ, హెంపండి. మన జనుం లాంటిదేనండి, ఆయ్" అన్నాడు. పచ్చిరొట్ట ఎరువుకు జనుము నేనూ చల్లించాను. దాన్ని మేసిన గేదె ఏదీ కారణం లేకుండా నవ్వలేదు. పైగా కామరాజు ఆ మాట నా మొహం చూసి చెప్పలేదు.

3. సదరు ప్యాకెట్టును సాక్ష్యముగా తమకు దాఖలు చేయుటకు ఫ్రిజ్జుపైన భద్రపరచితిని. ఆ శనివారం మా ఇంట్లో ప్రార్థన కూటం. నా భార్య ఎలీసమ్మ మిఠాయి అనుకుని బిస్కెట్లతోబాటు పళ్ళెంలో పెట్టి పంచినది. కాసేపటికి సంఘపెద్ద శ్యామ్ బాబు గారు ఎత్తుకున్న ప్రార్థన ఎంతకీ ముగించలేదు. ఎలీసమ్మ ఏడుస్తూ నవ్వినది. పరిశుద్ధాత్మ కుమ్మరింపు జరిగిందని తక్కినవారు మోకరించారు. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన ఏంజెల్ పళ్ళెం చూసి, "మామ్మా, అవి తినేసేరా?" అని కేక వేసినది.

ఇంతలో శ్యామ్ బాబు గారు గుండె దడతో కూలబడ్డారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాము. ఇప్పుడు కులాసా. డాక్టరమ్మ గారు, "పిల్లలకి ఇంకా ప్రమాదమండి. మెదడు ఎదిగే వయసు. ఒక్కో ముక్కలో మత్తు ఎంతుందో అమ్మేవాడికే తెలీదండి" అన్నారు.

4. కామరాజుకు సరుకు ఎవరు ఇచ్చుచున్నారు? కాలేజీ వ్యాను ఆ కొట్టు దగ్గరే ఎందుకు ఆగును? ఏంజెల్ స్నేహితురాలు వీరదుర్గ నన్ను చూసి ఎందుకు దారి మళ్ళును? మా పాస్టరు గారు మర్నాడు, "ఆ మిఠాయి ఎక్కడ కొన్నారండీ?" అని ఎందుకు అడిగారు? అందరినీ విచారించవలెను.

కావున ఆ కొట్టులోని సరుకు పరీక్షకు పంపించి, మా పిల్లలను కాపాడవలసినదిగా ఈ ముసలివాని మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దానం

తా.క.: పేర్లు సరిచూస్తుందని ఈ అర్జీ ఏంజెల్‌కు చదివి వినిపించాను. అంతా విని, "ఊరందర్నీ అడిగేరు తాతయ్యా. నేనెందుకు తిన్నానో అడగలేదు" అంది.

అడిగాను.

"నిద్ర పట్టట్లేదు. కళ్ళు మూస్తే పరీక్ష పోయినట్టే ఉంటోంది. చెబితే మీరు నన్నూ అనుమానిస్తారని భయమేసింది" అంది.

అయ్యా, పిల్ల బ్యాగు వెతికాను గాని పిల్లను పలకరించలేదు. కామరాజును తమరు వదలవద్దు. ఏంజెల్‌ను మాత్రం ఏమీ అడగవద్దు. రేపు డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను. దారిలో అదేమన్నా చెబితే వింటాను.