పేరుకే గుర్రం

అల్ ఐన్, 2006 ఆగస్టు, గురువారం రాత్రి

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. నాలుగో తరగతి చదువుకి ఇంతకన్నా రాదు, ఏమనుకోవద్దు.

పొద్దున నా మొగుడు మావ ఆఫ్రికా నుంచి ఫోన్ చేశాడు. మమ్మల్ని పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, అక్కడి చిత్తడి అడవిలో జంతువులను చూడడానికి వెళ్తూ, వంటకని మావనీ తీసుకెళ్ళాడు.

"ఇయ్యాల పడవలో తిప్పి, ఆనక రెల్లుగడ్డిలో నడిపిత్తారంట. నీళ్ళ నిండా నీటిగుర్రాలేనంట. నాకు బయంగా ఉంది. జొరమని చెప్పి గుడారంలో ఉండిపోనా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "గుర్రానికి బయమేంటి మావా? మా ఊళ్ళో జట్కా గుర్రానికి నేనే గడ్డి పెట్టేదాన్ని. కఫీల్‌కి కోపం తెప్పించకు, ఎల్లు" అన్నాను.

సరేనన్నాడు.

మధ్యాహ్నం అంట్లు తోముతూ ఈ మాట నాతోపాటు ఈ ఇంట్లో పనిచేసే సత్తెమ్మక్కకు చెప్పి మళ్ళీ నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఓసి పిచ్చిమొకమా, పేరుకే గుర్రమే అది! పడవలు తిరగేసి మనుసుల్ని కొరికేత్తాది. టీవీలో చూశాను" అంది.

సాయంత్రం కఫీల్ భార్య, మా మేడమ్‌కి ఫోన్ వచ్చింది. ఏడ్చి, "హందులిల్లా" అని దేవుడికి దణ్ణం చెప్పుకుంది. పడవ తిరగబడిందనీ, కఫీల్ బయటపడ్డాడనీ ఆ అరబ్బీ మాటల్లో నాకు అర్థమైంది. మావ సంగతి అడగాలని తలుపు దగ్గర నిలబడ్డాను. ఈ ఇంట్లో నేనెప్పుడూ నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఆమె నన్ను చూసి చూపు తిప్పుకుని, "బుక్రా" అంది. రేపు చెప్తుందట.

మంచి మాటయితే రేపటి దాకా ఎందుకు ఆపుతుంది?

మావా, నువ్వొస్తే ఈ కాగితం నువ్వే కాల్చెయ్యి. రాకపోతే, నా చేత్తో నా వల్ల కాదు, సత్తెమ్మక్కా, నువ్వు కాల్చెయ్యి. వెళ్ళమన్నది నేనేనని ఊళ్ళో ఉన్న మా అత్తకు, మావ వాళ్ళమ్మకు, తెలియకూడదు.