రోబోను కానని టిక్కు పెట్టి కొన్న మాత్రలు

హనుమకొండ,
తేది: 14-7-2025.

ఔషధ తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అనుమతి లేని మూర్ఛ మాత్రలు ఆన్‌లైన్‌లో అమ్మిన వెబ్‌సైటుపై, వాటిని కొన్న నాపై చర్య కోరుట గురించి.

హనుమకొండలో స్టీలు సామాన్ల దుకాణం నడుపు సుదర్శన్ అను నేను మనవి చేయునది:

1. నా భార్య అరుణకు మూర్ఛ వ్యాధి. రోజూ మాత్ర వేసుకుంటూ పదకొండేళ్లు ఒక్క ఫిట్సూ లేకుండా గడిపినది. మే నెలలో మందుల దుకాణం ఫకీర్ మహమ్మద్, "సుదర్శనన్నా, చీటీ పాతదైంది. ఒక్కసారి డాక్టర్‌కు చూపెట్టి రా, ఇస్తా" అన్నాడు. పాత గిరాకీనైన నాకది అవమానముగా తోచినది.

2. వెంటనే ఫోనులో ఒక వెబ్‌సైటు తెరిచితిని. వారు మిక్కిలి మర్యాదస్థులు. చీటీ అడగలేదు, రోగి ఎవరని అడగలేదు. నేను రోబోనా కాదా అని మాత్రం అడిగినారు. కాదని టిక్కు పెట్టగా మూడు రోజులలో మాత్రలు ఇల్లు చేరినవి.

3. అట్టపై తయారీదారు పేరు గాని, లైసెన్సు నంబరు గాని లేవు. "ఇవేంది, రంగు వేరే ఉన్నయి?" అని అరుణ అడిగినది. "జెనరిక్ అంటే గిట్లనే ఉంటయ్, ఫికర్ చెయ్యకు" అని, గిన్నెల మందం తప్ప మరేమీ తెలియని నేను సెలవిచ్చితిని.

4. తొమ్మిదో రోజు పొద్దున రొట్టెలు కాలుస్తుండగా ఫిట్సు వచ్చి, ఆమె కుడిచేయి పెనం మీద పడింది. నేను ముందు గదిలో పేపరు చదువుతున్నాను. రొట్టె మాడుతోందనుకున్నాను. వెంటనే లేవలేదు.

5. రక్తపరీక్షలో మందు జాడే లేదు. "జెనరిక్‌తోని తప్పు లేదు. ఇన్నేండ్లు ఆమె వాడింది అనుమతి ఉన్న జెనరిక్కే. ఇదేందో మాత్రం ఎవరికీ తెల్వది" అన్నారు డాక్టరు. వెబ్‌సైటు వారికి ఫిర్యాదు చేయగా, తమ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగినారు.

6. తమ కార్యాలయమున బిల్లు, చీటీ, కంపెనీ అడ్రసు తెమ్మన్నారు. ఆ మూడూ ఉన్నచో తమకు ఈ శ్రమ కలిగించెడివాడను కాను.

కావున మిగిలిన ఇరవై ఒక్క మాత్రలను పరీక్షకు పంపి, తొమ్మిది రోజులు తాను మింగినదేమిటో నా భార్యకు తెలియజేసి, ఆ సైటును మూయించి, నాపైనను తగు చర్య తీసుకొన ప్రార్థన. తీరిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సుదర్శన్

తా.క.: అర్జీ చదివి వినిపిస్తే అరుణ, "కాలింది నా చెయ్యి. అర్జీ నీ పేరు మీద ఎందుకు?" అన్నది. కాగితం ఆమె ముందుకు జరిపాను. ఆమె కూడా కింద సంతకం పెట్టింది. కుడిచేతికి ఇంకా కట్టు ఉంది కాబట్టి ఎడమచేత్తో పెట్టింది. పాన్ కార్డులో సంతకంతో ఇది కలవదు. దయచేసి తిప్పి పంపకండి సారూ. ఆమె రాస్తున్నంతసేపూ కాగితం కదలకుండా నేనే పట్టుకున్నాను.