రాతినేల చల్లారింది

మాదాపూర్, అక్టోబరు 2011

అమ్మకు, నేను క్షేమం. తెలంగాణ సమ్మె జోరుగానే ఉంది గానీ హాస్టల్లో నన్నెవరూ సీమపిల్లనని వేరుగా చూడలేదు. బతుకమ్మ కూడా ఆడించారు.

ఆఫీసు ఏసీల వేడిని నీటిగొట్టాలతో భూమిలోకి దించితే నేల ఎంత కాగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడమే కదా నా పని. నా లెక్కలో రాతినేల ఏటికేడు పెనంలా కాగిపోతుంటే, ఈ పథకం ఇక మూసేద్దామన్నారు మా సారు. ఇంతలో బందుకు ఆఫీసు మూశారు, పరీక్షకని గొట్టాల్లో నీళ్లు తిప్పుతున్న పంపు ఆగింది. తిరిగొచ్చి చూస్తే గొట్టాల పక్కన నేల చక్కగా చల్లారి ఉంది! లెక్కలో నేను పంపును రాత్రిళ్లూ ఆదివారాలూ ఆపకుండా తిప్పేశానని అప్పుడు తట్టింది. నా పక్క సీటు స్వరూప, వరంగల్ అమ్మాయి, పగలబడి నవ్వింది. "ఏందే, మనకు ఆదివారం గావాలె, భూమికి వద్దా? జర దాన్ని గూడ పండనియ్యి!"

పండనిచ్చాను, లెక్కలో రాత్రిళ్లూ ఆదివారాలూ పంపు ఆపేశాను. లెక్క కుదిరింది, పథకం నిలిచింది, సారు అందరికీ ఇరానీ చాయ్ పోయించారు.

బస్సులు తిరగగానే చెనిక్కాయల పొడి పంపు, స్వరూపకూ కలిపి. బోరులో నీళ్లున్నాయా? నీ మోకాళ్లెలా ఉన్నాయి?

గొడవలని ఊరికి వచ్చెయ్యమంటే రానన్నానని నాయన నెలగా నా ఫోను ఎత్తడం లేదు. అందుకే ఈ కార్డు. నీకు చదివి వినిపించేది ఆయనే కదా. నాయనా, బందు నాలుగు రోజులకే బండ చల్లారింది. నీ కోపం ఇంకా చల్లారలేదా? ఆదివారం పొద్దున చేస్తాను, నువ్వే ఎత్తు.

ఇద్దరికీ దండాలతో,
మీ మంజుల