ఉధ్నా ఇల్లు లతకే, షరతు లేకుండా

పిత, పుత్ర, పవిత్రాత్మల నామమున.

సూరత్ నగరం ఉధ్నాలో కాపురముంటున్న, కీర్తిశేషులు రాజమల్లు భార్యనైన ఐలమ్మ అనే నేను, చర్చి గుడిలో పెట్టిన పేరు అన్నమ్మ, అరవై ఎనిమిదేళ్ల వయసులో, స్వస్థబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. బలవంతం చేయడానికి వచ్చినవారికి టీ ఇచ్చి పంపించాను. నాకు చూపు తగ్గింది, మోకాళ్లు పోయాయి, జ్ఞాపకశక్తి మాత్రం చెక్కుచెదరలేదు. పవిత్రురాలిని కావడానికి నాకున్న పెద్ద అడ్డంకి అదే. ఏ పండుగకు ఎవరు ఏమన్నారో అన్నీ గుర్తున్నాయి.

దీన్ని అమలు జరపవలసినవారు మా చర్చి ఉపదేశి ఉమాకాంత్ గారు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. రెండు చోట్ల దగ్గారు గానీ రాశారు. సాక్షి సంతకం పెట్టినవారికి ఆస్తిలో ఏమీ దక్కదని వకీలు చెప్పాడు. ఆ మాటతో కొందరికి హఠాత్తుగా పనులు గుర్తొచ్చాయి. మిగిలినవారే కింద సంతకాలు చేశారు.

1. నా ఆత్మను దేవునికి అప్పగిస్తున్నాను. నేను నేరుగా మోక్షానికే పోతానని ప్రార్థనా బృందం వాళ్లు అంటుంటారు. నా ఎదుటే అంటారు గనుక నమ్మను. మకిలి వదిలేదాకా ఉత్తరించే స్థలంలో ఉండక తప్పదు, కాబట్టి నా కోసం పూజలు చెప్పించడం మానవద్దు. నా దేహాన్ని సూరత్‌లోనే పాతిపెట్టాలి. సమాధి దగ్గర మైకు పెట్టకూడదు.

2. నా పెద్ద కొడుకు సురేశ్ ఇదే ఊళ్లో వడోద్‌లో ఉంటాడు, ప్రార్థనా బృందానికి పెద్ద. అతనికి నా యేసు తిరుహృదయ పటాన్ని, వేళాంగణి నుంచి తెచ్చిన పెద్ద జపమాలను, గోడ మీది సిలువను దఖలు పరుస్తున్నాను. ఇవంటే వాడికి ప్రాణం. ఉపవాసం ఉన్న రోజు ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఉండే గుణం కూడా ఇద్దామనుకున్నాను గానీ, నా దగ్గర లేనిది ఎలా రాసిస్తాను? ఒక ఏడు ఈస్టరు ముందటి తపస్సుకాలంలో నేను టీలో చక్కెర మానేస్తే, ఇంట్లోవాళ్లు మనశ్శాంతి మానుకోవలసి వచ్చింది. వాడు నా కొడుకే, సందేహం లేదు.

3. పక్కింట్లో ఉండే నా తోడికోడలు లలితమ్మకు ఇత్తడి బిందె. అది తన పుట్టింటిదని ఆమె, మా అత్త నాకిచ్చిందని నేను ఇన్నేళ్లుగా వాదించుకుంటున్నాం. అది నాదే. నాది గనుకనే ఇస్తున్నాను, ఈ ముక్క ఆమెకు గట్టిగా చదివి వినిపించాలి. నేను ఓపిక ఇవ్వమని దేవుణ్ణి అడిగితే, ఆయన ఓపిక పంపకుండా లలితమ్మను పంపాడు. రెండిళ్లకూ ఒకటే కుళాయి. "ఏందక్కా, నీ జపం అయ్యేదాంక నల్లా నీళ్లు ఆగుతయా?" అనేది. ఆగేవి కావు. జపం ఆపి బిందె పక్కకు జరపడం నేర్చుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది. నేర్పింది మాత్రం ఆమే.

4. సురేశ్ కూతురు రుచితకు నా చిన్న జపమాల. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో కండెలు చుట్టినంత కాలం, కండెకొక మంగళవార్త జపం చొప్పున, దీన్ని మెడలో వేసుకునే చెప్పుకున్నాను. ఒక పూస ఊడిపోయిన చోట నూలు ముడి ఉంటుంది. అక్కడా జపం చెప్పాలి, ఎగ్గొట్టకూడదు. ఈ పిల్లకు తెలుగు సగం, గుజరాతీ సగం. "నానమ్మా, ఆజే ఏక్ జ దశకం చెప్దాం న, నిద్ర వస్తుంది" అంటుంది. ఆ ఒక్క పది పూసల దశకమూ నవ్వుతూ చెబుతుంది. నేను మొహం ముడుచుకుని చెప్పే అయిదింటి కన్నా దేవుడికి అదే ఇష్టమేమోనని నా అనుమానం. పిల్ల చెడిపోతుందని బయటపెట్టలేదు.

5. ఇక అందరూ ఎదురుచూస్తున్న సంగతి. నా పేరున ఉన్న ఉధ్నా ఇల్లు, గది, వంటిల్లు, పైన ఉన్న రేకుల షెడ్డుతో సహా, నా చిన్న కోడలు లతకు సర్వహక్కులతో చెందాలి.

లత హిందువుల పిల్ల, సాంచాలు నడిపేవాళ్ల బిడ్డ. నా చిన్న కొడుకు నరేశ్ ఇష్టపడి పెళ్లాడాడు, తాగి కొట్టాడు, చివరికి ముంబై పోయి ఫోన్ నంబరు మార్చేశాడు. ఆమెకు పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. పగలంతా చీరలకు స్టోన్లు అంటిస్తుంది, పొద్దున్నే నా మోకాళ్లకు నూనె రాస్తుంది. ఈ ఇల్లు పోతే ఆమెకు తల దాచుకునే చోటు లేదు.

లత జ్ఞానస్నానం పొందితేనే ఇల్లు చెందాలని షరతు రాయించమని సురేశ్ పట్టుబట్టాడు. "గట్లైతే ఆత్మ గూడ దక్కుతది, ఇల్లు గూడ దక్కుతదే అమ్మా" అన్నాడు. ఎవరి ఆత్మో, ఎవరికి ఇల్లో చెప్పలేదు. నిజానికి ఆ షరతు నా నోటి చివర కూడా ఉండేది. లత మా గుడికి రావాలని రోజూ మొక్కుతాను, ఇవాళ కూడా మొక్కాను.

అయితే పోయిన అక్టోబరులో ఒకటి జరిగింది. జపమాల మాసంలో మరియమాత స్వరూపాన్ని ఇంటింటికీ తిప్పుతాం. ఒక్కో ఇంట్లో ఒక రాత్రి ఉంచి, మరునాటి సాయంత్రం పక్కింటికి సాగనంపుతాం. మా వంతు అయిపోయి, సురేశ్ మైకు పట్టుకుని పాట ఎత్తుకోగానే, లత లోపల్నుంచి కుంకుమ భరిణె తెచ్చి మాత నుదుట బొట్టు పెట్టింది. పాదాల దగ్గర జాకెట్ ముక్క, రెండు అరటిపళ్లు పెట్టింది. పాట ఆగిపోయింది. సురేశ్ కేకకు లత బిత్తరపోయి, "ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుంట ఎట్ల పంపుతం బావా? తప్పయితదా?" అంది.

సురేశ్ తుడవడానికి రుమాలు తీశాడు. నేను మోకాళ్ల సంగతి మరిచి లేచి అడ్డం నిలబడ్డాను. "గడప దాటినంక నీ ఇష్టం బిడ్డా, నా ఇంట్ల తుడవకు" అన్నాను. ఆ తల్లికి ఒక్క పూస తప్పకుండా జపాలు అప్పజెప్పిన దాన్ని, వెళ్లేటప్పుడు ఒక పండు చేతిలో పెట్టాలని నాకెప్పుడూ తోచలేదు. ఆమె నిజంగా మా ఇంటికి వచ్చిందని నేను అనుకోలేదు, లత అనుకుంది. ఆ రోజు అందరూ వెళ్లాక ఏడ్చాను.

కనుక షరతు లేదు. జ్ఞానస్నానం ఇంటి అద్దె కాదు. లత ఏనాడైనా తీసుకుంటే దేవుడి కోసం తీసుకోవాలి గానీ రేకుల షెడ్డు కోసం కాదు. తీసుకోకుండా నా గదిలోనే బతుకమ్మను పేర్చుకున్నా ఇల్లు ఆమెదే. పై నుంచి చూసి నేను పళ్లు కొరుక్కుంటాను. నాకు ఆ మాత్రం తపస్సు అవసరమే.

6. ఈ ఇంటి విషయమై సురేశ్ కోర్టుకు వెళితే, రెండో నిబంధనలో అతనికి రాసిన పటం, జపమాల, సిలువ కూడా లతకే చెందుతాయి. వాటికి రోజూ దీపం పెట్టే మనిషి ఎటూ ఆమే.

7. నరేశ్‌కు ఏమీ రాయలేదు. మరిచిపోయి కాదు. వాడు ఏదో ఒక రోజు వస్తాడు. వచ్చి ఈ తలుపు కొడితే, తీయడమా మానడమా అన్నది పూర్తిగా లత ఇష్టం. క్షమించడం ధర్మమని, లేకపోతే అత్త ఆత్మకు శాంతి ఉండదని ఎవరూ ఆమెకు నచ్చజెప్పకూడదు, ఉపదేశి గారు కూడా. నేను బతికుంటే తీస్తాను. వాడి దెబ్బలు ఆమె ఒంటి మీద చూసిన దాన్ని అయినా తీస్తాను, కన్నాను గనుక. అందుకే ఆ తలుపు గడియ నా చేతిలోంచి తీసి ఆమె చేతిలో పెడుతున్నాను.

ఇది నాకు రెండుసార్లు చదివి వినిపించగా, ఏ ముక్కా తీసేయవద్దని చెప్పి, 2025 ఫిబ్రవరి 11, లూర్దుమాత పండుగనాడు, ఉధ్నాలో సాక్షుల ఎదుట చేసిన సంతకం:

ఐలమ్మ (అన్నమ్మ)

సాక్షులు:
మంగ, ఎదురింటి కాపురస్తురాలు
రఘుపతి, సాంచాల మేస్త్రి

రాసినవారు: ఉమాకాంత్, ఉపదేశి