తడిసిన కొక్కెం

నవంబర్ 4, మంగళవారం

వార్త కంటే ముందు శీర్షిక వచ్చింది. 'గడ్డకట్టే చలికి సైన్స్ ఎంచిన సామాను.' ఫుల్ పేజీ. ఎడిటర్ మాట... "మన స్వప్న పోతుంది కద, ఊకె పొగిడినట్టు ఉండొద్దు. జర సైన్స్ పెట్టు."

స్వప్న మొన్నటిదాకా మా ఫొటోగ్రాఫర్. నార్వే ఉత్తరాన, కుక్కలు లాగే మంచు బండి మీద వారం యాత్ర. ఖర్చంతా పంజాగుట్ట స్పోర్ట్స్ షాపుది. బదులుగా కుక్కలకు కట్టే పట్టీలు, తాళ్లు, కొక్కేలు షాపు సొంత బ్రాండువే వాడాలి. మంచులో వాటి ఫొటోలు తీసి పంపాలి. ప్రతి ఆదివారం మా పేపర్లో ఆ షాపు ప్రకటన ఉంటుంది.

సైన్స్ పెట్టమన్నారు. పెడతాను.

నవంబర్ 6, గురువారం

షాపు. బొచ్చు జాకెట్ వేసుకొని అద్దం ముందు స్వప్న. "ఎట్లున్న అన్నా?" ఎలుగుబంటి లెక్క ఉన్నవ్ అన్నాను. "ఎలుగుబంటికి వీసా ఇయ్యరు. నాకిచ్చిండ్రు."

చాలా రోజుల తర్వాత నవ్వింది. మా పేపర్లో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఈ ఏడు పొడిగించలేదు. పెళ్లి ఫొటోలు తీస్తోంది. ఈ యాత్ర బొమ్మలు చూపించి బయటి పత్రికల్లో పని అడగాలని ఆశ. దానికిదే దారి అంటుంది.

ఓనర్ గారు కొక్కెం తీసి చూపించారు. "వరల్డ్ క్లాసండీ." ఎంత చలిలో పరీక్షించారు? "మైనస్ నలభై అని డబ్బా మీదే ఉంది కదండీ." ఎవరు పరీక్షించారు? — టీ తెప్పించారు.

నవంబర్ 7, శుక్రవారం

కుక్కలను ఇచ్చే నార్వే ఆవిడతో ఫోన్. తేలింది ఇంతే. పరుగులో కుక్కలు చిక్కుపడతాయి. తాడు మెడకు బిగుసుకుంటే కొక్కెం అప్పటికప్పుడు విప్పాలి, అదీ లావు గ్లౌజులతో. అది రాకపోతే మనిషి గ్లౌజులు తీసేస్తాడు. ఆ చలిలో లోహాన్ని ఒట్టి చేత్తో పట్టుకుంటే వేళ్లు చచ్చుబడతాయి, కొందరికి తీసేయాల్సి వస్తుంది. వాళ్లు వాడేవి కంచు కొక్కేలు. షాపువి స్టీలు, లోపల బిగుతైన చిన్న స్ప్రింగు. తడి దూరితే గడ్డకడుతుంది.

స్వప్న బతికేది వేళ్ల మీద.

నవంబర్ 10, సోమవారం

ఎర్రగడ్డ, జబ్బార్ భాయ్ ఐస్‌క్రీం గోదాము. షాపు కొక్కెం ఒకటి. అమీర్‌పేట హార్డ్‌వేర్ కొట్టులో కంచుది దొరకలేదు, ఇత్తడిది తెచ్చాను. రెండూ ఒకే నీళ్లలో ముంచి, దులిపి, ఒకే అరలో నిన్న పెట్టి వచ్చాను. "క్యా అన్నా, కుక్కలకు సుత ఐస్‌క్రీమా?" అని నిన్నంతా నవ్వాడు భాయ్.

ఇవాళ గ్లౌజులు వేసుకొని పట్టుకున్నాను. ఇత్తడిది తెరుచుకుంది. స్టీలుది లేదు. భాయ్ రెండు చేతులా గుంజాడు. నవ్వలేదు. "గిది కొక్కెమా, తాళమా?"

గోదాము మైనస్ ఇరవై దాకే. అక్కడ ఇంకా కింద. ఆ తేడా కూడా రాశాను. ఒక్క విశేషణం వాడలేదు.

నవంబర్ 11, మంగళవారం

షాపు ఓనర్‌కు ఫోన్. అవతలివాళ్ల వివరణ లేకుండా వార్త ఏనాడూ పంపలేదు. మొత్తం చదివి వినిపించాను. "అలాగేనండీ... రేపు చెప్తాను." మర్యాదగానే.

నవంబర్ 12, బుధవారం

చెప్పాడు — నాకు కాదు, మా ప్రకటనల మేనేజర్‌కు. పరీక్ష ముచ్చట పేజీలో ఉంటే స్వప్న టికెట్ రద్దు.

ఎడిటర్: "వివరణ అడుగుడేంది నువ్వు? గదేమన్న కుంభకోణమా?"

అడగకపోతే రాసింది రాసినట్టే అచ్చయ్యేది. అడిగాను.

నవంబర్ 13, గురువారం

అమీర్‌పేట మెట్రో కింద స్వప్నతో చాయ్. కప్పు ముట్టలేదు.

"టికెట్ ఉంటదా పోతదా అని నిన్నటి సంది ఫోన్ పట్టుకొని కూసున్న."

వేళ్లు పోతయ్ స్వప్నా, అన్నాను.

"నార్వే ఆమెను అడిగినవ్. షాపాయన ఏమంటడో అడిగినవ్. పోయేదాన్ని నేను. నన్నడిగినవా?"

చాయ్ డబ్బులిచ్చి లేచాను.

నవంబర్ 16, ఆదివారం

అచ్చయింది. పైన నా పేరు. లోపల... 'మైనస్ నలభైలోనూ మునివేళ్లతో సులువుగా తెరుచుకునే కొక్కేలు.' మునివేళ్లతో! నా పేరు తీసేయమని నిన్ననే అడిగాను. "నీ పేరు లేకపోతే నమ్మరు," అన్నాడు ఎడిటర్. మెచ్చుకోలు అనుకున్నాడేమో.

జబ్బార్ భాయ్ ఫోన్. "పేపర్ మొత్తం సదివిన అన్నా. మా గోదాం ముచ్చట లేదేంది?" జాగా సరిపోలేదు భాయ్, అన్నాను. ఈ వ్యవహారంలో నేనాడిన అబద్ధం అదొక్కటే. మిగతావి నా పేరు కింద వాళ్లు ఆడారు.

నవంబర్ 18, మంగళవారం

పంజాగుట్ట చౌరస్తాలో హోర్డింగు. స్వప్న, జాకెట్, నవ్వు. పక్కన ఆ వాక్యమే.

నవంబర్ 20, గురువారం

యూసుఫ్‌గూడ, స్వప్న గది. రేపు విమానం. ఇత్తడి కొక్కేలు కొని పట్టుకెళ్లాను. షాపువి ఫొటోలకు తగిలించు, బండి కదిలేముందు ఇవి మార్చు, అన్నాను.

"వీడియో అడిగిండ్రన్నా. బండి ఉరుకంగ. వాళ్లవే కనబడాలె."

సంచి జిప్పు లాగుతూ ఆగింది.

"ఒకటి చెప్పు. నువ్వు తడిపి పెట్టినవ్ కద. తడపకుంట సుత పెట్టి చూసినవా?"

చూశాను. షాపుదే ఇంకొకటి, పొడిగా, వేరే అరలో పెట్టాను. పోలిక లేకుండా పరీక్ష ఏముంది?

"తెరుసుకున్నదా?"

మంచులో తడవకుండ ఉండది స్వప్నా. కుక్కల ఊపిరికే తడుస్తది...

"తెరుసుకున్నదా, లేదా?"

తెరుచుకుంది, అన్నాను.

"చాలు." జిప్పు చివరిదాకా లాగింది.

ఇత్తడివి మంచం మీదే ఉన్నాయి, నేను లేచేటప్పటికి. తీసుకెళ్తావా అని అడగలేదు.