మూడడుగుల రేకు, నాలుగు ప్రతులు

రేవు ఆస్తుల విభాగం లీజుల ఆఫీసరు గారికి,

గేటు పక్క కుట్టు కొట్టు ఆవిడ నమస్కారం పెట్టి చెప్పుకుంటున్న సంగతి.

మీరు కొత్తగా వచ్చారు కాబట్టి నేనెవరో తెలియదు. మీ కిటికీలోంచి కిందికి చూస్తే సందుకి అవతల కనబడే కొట్టు నాది. ఓడల జెండాలు, కూలీల కోట్లు, టార్పాలిన్లు కుడతాను. స్థలం రేవుది. లీజు మా అమ్మ నాటిది, ఇప్పుడు నా పేర ఉంది.

నాకు కావల్సింది ఒక్క రేకు. గుమ్మం మీద మూడడుగులు ముందుకొచ్చేలా. మా ఆయన ఈ రేవులోనే ముప్పై నాలుగేళ్ళు క్రేను నడిపి, రెండేళ్ళ కిందట పని మానాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. క్రేను దిగినప్పటినుంచి మాట కూడా తగ్గిపోయింది. రోజూ నాతో కొట్టుకొచ్చి, గుమ్మం మెట్టు మీద కూర్చుని ఓడలు చూస్తాడు. వానొస్తే అక్కడే తడుస్తాడు. లోపలికి రమ్మంటే బెల్లం కొట్టిన రాయిలా పలకడు. పోయిన వారమే జ్వరం పడి లేచాడు. నాకు భయంగా ఉంది బాబూ. వానలు ముదరకముందే ఆ రేకు వేసుకోనివ్వండి.

పైకొచ్చి అడుగుదామంటే మీ గుమస్తా "నోటిమాట చెల్లదు, రాసి పోస్టులో వెయ్యి" అన్నాడు. అందుకని ఈ ఉత్తరం.

ఇట్లు,
జెండాలు కుట్టే ఆవిడ

తా.క.: మీ కోటు రెండో గుండీ దారానికి వేలాడుతోంది. ఇక్కడికే కనబడుతోంది. కిందికి రండి, రెండు నిమిషాల్లో కుట్టేస్తాను.

~

పదిహేడో నంబరు స్థలం లీజుదారుకు,

విషయం: గుమ్మంపై రేకు.

మీ ఉత్తరం తొమ్మిది రోజులు ప్రయాణించి మాకు చేరినది. పరిశీలించడమైనది.

గోడ దాటి ముందుకు వచ్చేది ఏదైనా కట్టడమే. రేవు భూమిలో కట్టడానికి మా అనుమతి తప్పనిసరి. కావున రేకు నమూనా గీసి, కొలతలు వేసి, "ప్రయోజనం" అన్న గడి నింపి, నాలుగు ప్రతులు పంపగలరు.

మీ లీజు ప్రకారం మీ స్థలం, ఓడల తాళ్ళు కట్టే తొమ్మిదో నంబరు ఇనుప గుంజ నుంచి తూర్పుగా యాభై అడుగుల దూరాన మొదలవుతుంది. కొలతకు ఆ గుంజే ప్రమాణం. మరే ఆధారమూ చెల్లదు. ఈ నియమానికి మినహాయింపు లేదు.

భవదీయుడు,
లీజుల అధికారి

తా.క.: లీజుదారుల నుంచి అధికారులు ఉచిత సేవలు పొందరాదు. గుండీ ఊడిపోయినది. జేబులో భద్రపరచడమైనది.

~

ఆఫీసరు బాబుకి,

మీరు బల్ల దగ్గర ఆవలిస్తుండగా చూస్తూ రాస్తున్న ఉత్తరం.

సందు దాటితే ఇరవై అంగలు. మీ ఉత్తరం ఊరంతా తిరిగి నా దగ్గరికి రావడానికి మళ్ళీ తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా మా ఆయన మూడుసార్లు తడిశాడు. అయినా సరే, మీ పద్ధతి మీది.

నమూనా నాలుగు ప్రతులూ జతచేశాను. కోట్లకి వాడే కాగితం మీద, సుద్దతో గీశాను. దులపకండి, చెరిగిపోతుంది. సగమే గీశాను. కాగితాన్ని మడత మీద పెట్టి కత్తిరిస్తే రెండో సగం దానంతటదే వస్తుంది. చుట్టూ అంగుళం ఎక్కువ వదిలాను, రేపెప్పుడైనా పెద్దది చేసుకోవాల్సొస్తే పనికొస్తుంది. మా పనిలో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ప్రయోజనం" గడిలో "ఓడలు చూడడం" అని రాశాను. అదేగా ఆయన చేసే పని.

అడిగినవన్నీ ఇచ్చాను. ఇంక సంతకం పెట్టెయ్యండి నాయనా.

ఉంటాను,
సందుకి అవతలి మనిషి

తా.క.: గుండీ స్థానంలో గుండుసూది పెట్టుకున్నారేమిటి? పొట్టలో గుచ్చుకుంటుంది.

~

పదిహేడో నంబరు స్థలం లీజుదారుకు,

విషయం: మీ లీజు ఎందుకు రద్దు చేయరాదో తెలుపుట గురించి.

మీ నమూనాను చూసి మా డ్రాయింగు శాఖ నిర్ఘాంతపోయినది. వారి అభిప్రాయం ఇది. మీరు కట్టడంలో సగం మాత్రమే చూపి, మిగతా సగం దాచిపెట్టారు. పైగా "రేపెప్పుడైనా పెద్దది చేసుకోవాల్సొస్తే" అని, అక్రమంగా విస్తరించే ఉద్దేశాన్ని మీ చేతిరాతతోనే ఒప్పుకున్నారు.

ఇక ప్రయోజనం. ఓడలు చూడడం హార్బరు మాస్టరు విభాగం పని. మీ లీజు కుట్టుపనికి మాత్రమే. హార్బరు మాస్టరు వారు "మాకు తెలియకుండా కుట్టు కొట్టులో నౌకా పరిశీలన కేంద్రం నడుస్తున్నదా?" అని మమ్మల్ని నిలదీశారు. అంతేకాదు, సదరు వ్యక్తిని నేను స్వయంగా నాలుగు రోజులు కిటికీలోంచి గమనించాను. ఆయన ఎక్కువ సేపు సముద్రానికి వీపు పెట్టి కొట్టు లోపలికే చూస్తూ కూర్చుంటున్నారు. కావున మీరు తెలిపిన ప్రయోజనం నిజమేనా అన్న సందేహం కలిగినది.

పదిహేను రోజుల్లో సంజాయిషీ పంపనిచో కొట్టు ఖాళీ చేయవలసి ఉంటుంది. బుధవారం సర్వే వారు స్థలం కొలుస్తారు.

భవదీయుడు,
లీజుల అధికారి

తా.క.: నిన్న వానలో ఆయన నన్ను చూసి చెయ్యి ఊపారు. నేనూ పొరపాటున ఊపాను. దానిని అనుమతిగా భావించరాదు.

~

ఆఫీసరు గారికి,

బాబూ అని రాయడానికి ఇవాళ మనసొప్పడం లేదు.

రేకు అడిగితే కొట్టు పీకేస్తారా? ఆ కొట్టులో మా అమ్మ చూపు పోయేదాకా కుట్టింది. ఈ రేవులోకొచ్చిన ఓడల్లో సగం నేను కుట్టిన జెండాలే ఎగరేసుకుంటూ వెళ్ళాయి. సగం గీయడం దాచిపెట్టడమా! మీ డ్రాయింగు శాఖ వాళ్ళు ఒక్కసారైనా చొక్కా కుట్టించుకున్నారా, లేక ఒంటికి దుప్పటి చుట్టుకుని ఆఫీసుకొస్తారా? మా ఆయన ఇటు తిరిగి కూర్చుంటే అది మెడ నొప్పి. మనిషికి మెడ నొప్పి రావడానికి కూడా మీ అనుమతి కావాలా?

మీ ఉత్తరం చదివి వినిపించిన రోజు ఆయనకి ముద్ద దిగలేదు. "నా మూలంగా నీ కొట్టు పోతోంది. రేపటినుంచి ఇంట్లోనే ఉంటాను" అన్నాడు. రెండేళ్ళలో ఆయన అన్న పెద్ద మాట అదే. నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో ఒక్కడూ గోడల్ని చూస్తూ కూర్చుంటే మనిషి ఏమైపోతాడు?

బుధవారం సర్వే వాళ్ళిద్దరూ వచ్చారు. గుంజ దగ్గర టేపు పట్టుకుని కొలవబోతే, మా ఆయన కర్ర ఊతంతో వెళ్ళి "ఈ గుంజ ముందు ఇక్కడ లేదు. గట్టు బాగుచేసేటప్పుడు పీకారు. మళ్ళీ దించింది నేనే. పాత చోటు అదుగో, నలభై అడుగుల అవతల" అన్నాడు. "మరి ఇక్కడెందుకు దించారు?" అని వాళ్ళడిగితే మళ్ళీ నోరు కుట్టేసుకున్నాడు. నేనడిగినా చెప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సర్వే వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మళ్ళీ కొలిచారు. మూడోసారీ కొలిచారు. తలెత్తి మీ మేడ వంక చూశారు. మంచినీళ్ళు అడిగి తాగి, ఒక్క ముక్క చెప్పకుండా వెళ్ళిపోయారు. ఏమిటా గూడుపుఠాణీ?

ఇదే నా సంజాయిషీ.

కొట్టు ఆవిడ

తా.క.: సర్వే వాళ్ళలో పొట్టాయన టేపు మర్చిపోయాడు. మొదటి రెండంగుళాలు అరిగిపోయి ఉన్నాయి. వీళ్ళా నా కొట్టు కొలిచేది?

~

గౌరవనీయులైన లీజుదారు గారికి,

మీ సంజాయిషీ అందినది. చాలా సంతృప్తికరంగా ఉన్నది. లీజు రద్దు ప్రతిపాదన విరమించడమైనది.

సర్వే నివేదిక ప్రస్తుతం రహస్యం. అందులో ఏమీ లేదు.

మీ వద్ద ఉన్న అసలు లీజు కాగితం పాతబడి ఉంటుంది కాబట్టి, దానిని మాకు అప్పగించినచో కొత్తది ఇవ్వగలము. దయచేసి ఈ లోపల ఆ కాగితాన్ని ఎవరికీ, ముఖ్యంగా చదువు వచ్చినవారికి, చూపవద్దని మనవి. గుంజ దగ్గరికి టేపుతో వెళ్ళవద్దని కూడా మనవి.

విధేయుడు,
లీజుల అధికారి

తా.క.: ఇది పోస్టులో కాక మనిషి ద్వారా పంపుతున్నాను. ఇలా పంపడం మా విభాగ చరిత్రలో మొదటిసారి.

~

రేవు ఆస్తుల విభాగం, రెండో అంతస్తు, ఎడమ కిటికీ వారికి,

విషయం: మీరు నా స్థలంలో ఎందుకున్నారో తెలుపుట గురించి.

టేపు పట్టుకెళ్ళొద్దన్నారు కాబట్టి వెంటనే పట్టుకెళ్ళాను. మీ అరిగిన టేపు కాదు, నాది. మా ఆయన గుంజ దగ్గర ఒక కొస పట్టుకున్నాడు. తూర్పుగా యాభై అడుగులు కొలిచాను. "కొలతకు ఆ గుంజే ప్రమాణం, మరే ఆధారమూ చెల్లదు, మినహాయింపు లేదు" అన్నది మీ మాటే, మీ సంతకం ఉంది.

ఆ లెక్కన నా కొట్టు నా స్థలంలో లేదు. నా స్థలంలో మీ మేడ ఉంది. మీ గదీ, మీ బీరువా, నోటిమాట చెల్లదన్న గుమస్తా గారి సగం బల్లా, కింద నాలుగు మెట్లూ నావే. బల్ల రెండో సగం మాత్రం మీకే, భయపడకండి.

లీజుదారు అనుమతి లేకుండా కట్టిన ఈ మేడ నమూనా గీసి, నాలుగు ప్రతులు పంపగలరు. సగం గీసినా పరవాలేదు, నాకు అర్థమవుతుంది. ప్రయోజనం గడి తప్పక నింపాలి. "ఆవలించడం" అని రాస్తే ఒప్పుకోను. నా లీజు కుట్టుపనికి మాత్రమే కాబట్టి, సోమవారం నుంచి మీ సిబ్బంది అందరూ సూదీ దారం తెచ్చుకోగలరు.

పదిహేను రోజులు గడువు.

ఇట్లు,
స్థలం ఆవిడ

తా.క.: నాకు మీ మేడ వద్దు నాయనా. ఆ మెట్లు ఎక్కడానికి మా ఆయనకి మోకాళ్ళు లేవు. ఆయన తడవకుండా ఉంటే నాకంతే చాలు.

~

అమ్మగారికి,

లీజుల ఆఫీసరు చేతులు జోడించి మనవి చేసుకుంటున్నది.

మీ ఉత్తరం పట్టుకుని పెద్దాఫీసరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని "నేను కూర్చున్నది ఎవరి స్థలంలో?" అని అడిగారు. "మీ గది ఆవిడ హద్దుకి అవతల ఉందండీ" అని చెప్పాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

ఆయన తేల్చింది ఇది. మీ కొట్టు మీ స్థలంలో లేదు కనుక అది ఉన్నది రేవు సొంత నేల. సొంత నేలలో రేవు ఒక రేకు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నమూనా అక్కర్లేదు, గడులు అక్కర్లేదు. అందుకే గురువారం మా మనుషులొచ్చి వేసింది. మీరు గీసిన కాగితాన్నే మడత మీద పెట్టి కత్తిరించారు. చుట్టూ అంగుళం వదిలారు. డ్రాయింగు శాఖ వారు సిగ్గుపడి ఆ రోజు సెలవు పెట్టారు.

కొత్త లీజు జతచేశాను. ఇందులో కొలత గుంజ నుంచి కాదు, మీ గుమ్మం నుంచి. ఇంక ఎవరూ ఏ గుంజని ఎటు జరిపినా మీ కొట్టు కదలదు. మా మేడ మాకు వదిలినట్టు కింద ఒక సంతకం పెట్టి పంపండి. అందాకా మా గుమస్తా రెండో సగం బల్ల దగ్గరే ఒదిగి కూర్చుంటున్నాడు.

ఇట్లు,
మీ కిటికీ అబ్బాయి

తా.క.: గుండీ ఈ కవరులోనే ఉంది. కోటు సాయంత్రం తెస్తాను. డబ్బులు తీసుకోవాలి, ఉచిత సేవలు నాకు నిషేధం.

ఇంకో తా.క.: గురువారం మీరు మేకులు తేవడానికి వెళ్ళినప్పుడు పెద్దాయన పక్కన కూర్చుని, గుంజ అక్కడెందుకు దించారని అడిగాను. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకోబోయారు. కాని స్థలానికి సంబంధించిన సమాచారం ఏదైనా లీజుదారుకు రాతపూర్వకంగా తెలపాలని మా నియమం. కాబట్టి తెలపడమైనది.

ఆ రోజు గుంజ గాల్లో ఉందట. కింద కుట్టు కొట్టు గుమ్మంలో ఒక అమ్మాయి కొత్తగా కుట్టిన ఎర్ర జెండా దులుపుతోందట. గుంజ పోయి నలభై అడుగుల ఇవతల పచ్చి కాంక్రీటులో దిగబడింది. మేస్త్రీ అరిస్తే "ఎర్ర జెండా ఊపారు, దించమన్నారనుకున్నా" అని బొంకారట. "సిగ్నలు కాదని నాకు తెలుసు బాబూ, ఆ పిల్ల మొహం చూస్తూ లీవరు సంగతి మర్చిపోయా" అన్నారు.

"అయితే రోజూ ఈ మెట్టు మీద ఓడలు చూడ్డం దేనికి?" అన్నాను. "ఓడల్లో ఏముంది, ముప్పై నాలుగేళ్ళు చూశా. లోపల కూర్చుంటే పనికి అడ్డమంటుంది. ఇక్కడైతే మిషను దగ్గర ఆవిడ కనబడుతుంది" అన్నారు.

కావున మీ దరఖాస్తులో "ప్రయోజనం" అన్న గడిలో "ఓడలు చూడడం" అన్నది తప్పు. దానిని కొట్టివేసి, సరైనది రాసి, నాలుగు ప్రతులు పంపగలరు.