హెడర్ ట్యాంకు నిండిందా

మార్చి 3
పెట్రోలు పంపులు రెండూ బిగించాను, గొట్టాలన్నీ కలిపాను. ఒక పంపు ఇంజనుతో పాటు తిరిగేది, రెండోది కరెంటుది. మొదటిది అలిగితే రెండోది చూసుకుంటుంది, మా అక్కా బావల్లాగే. ఈ షెడ్డులో మేం ముగ్గురం కట్టుకున్న రెండు సీట్ల విమానం ఆదివారం మొదటిసారి ఎగరాలి. నడిపేది అక్క. పెట్రోలు పని మొత్తం నాది, కాబట్టి దిగులు లేదు.

మార్చి 4
చెవుల్లో పెట్టుకునే పసుపు స్పాంజిల్లో ఒకటి కనబడటం లేదు. బావ మీద అనుమానం.

మార్చి 5, సాయంత్రం
ఇంజను స్టార్ట్ చేశాం. ఒక్క దగ్గు లేకుండా నడిచింది. ఒక చెవిలో స్పాంజి, ఒక చెవిలో వేలు పెట్టుకుని విన్నాను. బావ చప్పట్లు కొట్టాడు. అక్క మాత్రం సీటు వెనకున్న హెడర్ ట్యాంకు నిండిందని నీకెలా తెలుసే అని అడిగింది. రెక్కల్లోని పెట్రోలు ఇంజనుకు వెళ్లేముందు చేరే చిన్న ట్యాంకు అది.

అదేం ప్రశ్న? పెట్రోలు పైన రెక్కల్లో ఉంది, హెడర్ కింద ఉంది. నీరు పల్లమెరుగు అన్నాను. నిజం దేవుడెరుగు అని మిగతాది తను అందుకుంది. ఆయన్ని అడగలేం గానీ రేపు కొలత జగ్గు తెమ్మంది.

నాకు ఒళ్లు మండింది. పంపులు తోస్తున్నాయి, ఇంజను తాగుతోంది, ఇంకేం కావాలట? విమానం ఒరిగితే రెక్కలో పెట్రోలు ఓ పక్కకు పోతుంది, గొట్టానికి గాలే అందుతుంది, ఆ కాసేపు హెడర్‌లో ఉన్నదే నాకు దిక్కు అంది అక్క. పైన ఇంజను ఆగితే దిగి తోయలేను కదే అని కూడా అంది. అవన్నీ తెలిసే అలిగాను. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మార్చి 6
రెక్కల వాల్వు మూసి హెడర్‌లోది జగ్గుతో కొలిచాం. సగం కూడా రాలేదు.

టార్చి పట్టుకుని సీటు వెనక్కి దూరాను.

లోపలి గాలి బయటికి పోతేనే పెట్రోలుకు చోటు దొరుకుతుంది. అందుకే హెడర్ నెత్తి మీదినుంచి రెక్కదాకా సన్న గొట్టం పెట్టాం. దాన్ని ఊడదీశాను. గొట్టం నోట్లో నా పసుపు స్పాంజి.

కందిరీగలు గూడు పెట్టకుండా, తెరిచి ఉన్న ప్రతి గొట్టంలో చేతికందింది కుక్కడం నా అలవాటు. దాన్ని బావకు నేర్పింది కూడా నేనే, కానీ ఈ స్పాంజి కుక్కి మరిచిపోయింది మాత్రం ఆయన కాదు, నేను. అనుమానించినందుకు ఆయనకు సారీ చెప్పాను. నా సారీకి బదులు రెండు పూటల వంట నా నెత్తిన వేశాడు.

గొట్టం ఊది చూసి బిగించాను. నింపి మళ్లీ కొలిచాం. నిండుగా వచ్చింది. ఇంకోసారి కొలుద్దామని ఈసారి నేనే అన్నాను.

మార్చి 8, ఉదయం
అక్క పైన ఉంది. కావాలనే పక్కకు ఒరిగిస్తోంది. ఆ స్పాంజి తన జేబులో వేసుకుని వెళ్లింది.

చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు. ఇంజను వినిపిస్తూనే ఉంది.